తప్పు ఎవరి ఖాతాలో పడుతోంది?

(విశాఖపట్నంలో స్కోరర్లు, వ్యాయామ ఉపాధ్యాయులు, క్లబ్ కోచ్‌ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో సగం మంది స్కోర్‌బుక్ రాసేవాళ్లు, మిగతా సగం ఆ పుస్తకం చూసి జట్టును ఎంపిక చేసేవాళ్లు. అందుకని నేరుగా స్కోర్‌బుక్‌లోకే వెళ్దాం.

1990, లార్డ్స్ టెస్టు. అజారుద్దీన్ టాస్ గెలిచి ఇంగ్లండ్‌ను బ్యాటింగ్‌కు దింపాడు. గ్రాహం గూచ్ 36 మీద ఉన్నప్పుడు కీపర్ కిరణ్ మోరే క్యాచ్ వదిలేశాడు. గూచ్ 333 కొట్టాడు. ఇంగ్లండ్ 4 వికెట్లకు 653 చేసి డిక్లేర్ చేసింది. ఇప్పుడు ఆ మ్యాచ్ స్కోర్‌కార్డు తీసి చూడండి. ఆ క్యాచ్ ఎక్కడుంది? ఎక్కడా లేదు. గూచ్ 333 ఉంది, బౌలర్లు ఇచ్చిన పరుగులున్నాయి, టాస్ ఎవరు గెలిచారో కూడా ఉంది. మ్యాచ్ గురించి ముప్పై ఐదేళ్లుగా జనం చెప్పుకుంటున్న ఆ ఒక్క బంతి మాత్రం లేదు.

పాత ముచ్చట అనుకుంటున్నారేమో. నిన్నమొన్నటిదే చెబుతాను. 2025 మహిళల ప్రపంచకప్‌లో మన మధురవాడ స్టేడియంలో అలీసా హీలీ 142 కొట్టి ఆస్ట్రేలియాకు 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించిపెట్టింది. మీలో చాలామంది ఆ రోజు స్టాండ్స్‌లో ఉండే ఉంటారు. అదే హీలీ అక్టోబరు 30న నవీ ముంబయి సెమీఫైనల్లో జెమీమా రోడ్రిగ్స్ 82 మీద ఉండగా క్యాచ్ వదిలేసింది. జెమీమా 127 నాటౌట్, ఇండియా ఫైనల్‌కు వెళ్లింది. హీలీ 142 ఎప్పటికీ ఆమె పేరు పక్కనే ఉంటుంది. ఆ క్యాచ్ ఆమె పేరు పక్కన ఎప్పటికీ ఉండదు. ఫీల్డర్ క్యాచ్ పడితే పేరు రాస్తాం, వదిలేస్తే ఏమీ రాయం. క్రికెట్ స్కోర్‌కార్డు పుట్టినప్పటి నుంచీ ఇంతే.

రాయకపోతే ఆ తప్పు మాయమైపోతుందా? పోదు. ఇంకొకరి ఖాతాలోకి వెళ్తుంది. నేను ఇవాళ మిమ్మల్ని గట్టిగా పట్టించుకోమని అడిగేది ఇదే. మన స్కోర్‌బుక్ తప్పులను వదిలేయడం లేదు, వేరేవాళ్ల పేరున రాస్తోంది.

2019 ప్రపంచకప్ ఫైనల్ తీసుకోండి. 49వ ఓవర్, న్యూజీలాండ్ బౌలర్ నీషమ్. ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ లాంగాన్ మీదుగా కొట్టాడు, ట్రెంట్ బౌల్ట్ బంతిని పట్టుకున్నాడు, కానీ కాలు వెనక్కిపడి రోప్‌ను తొక్కాడు. సిక్స్. ఆ ఆరు పరుగులు ఎవరి ఖాతాలో? నీషమ్ ఖాతాలో. ఔటైపోవాల్సిన బంతి వేసిన బౌలర్ ఖాతాలో! తర్వాతి ఓవర్ బౌల్ట్ వేశాడు. గప్టిల్ డీప్ నుంచి విసిరిన త్రో, డైవ్ కొట్టిన స్టోక్స్ బ్యాట్‌కు తగిలి బౌండరీకి వెళ్లింది. పరిగెత్తిన రెండు, ఈ నాలుగు, మొత్తం ఆరు. అవి ఎవరి ఖాతాలో? బౌల్ట్ ఖాతాలో. స్టోక్స్ పరుగుల్లో కూడా ఆ ఆరూ కలిశాయి. త్రో విసిరే సమయానికి బ్యాటర్లు రెండో పరుగులో ఒకరినొకరు దాటలేదు కాబట్టి ఐదే ఇవ్వాల్సిందని మాజీ అంపైర్ సైమన్ టోఫెల్ తర్వాత చెప్పాడు. అంటే అంపైర్ల పొరపాటు కూడా వచ్చి బౌల్ట్ లెక్కలోనే కూర్చుంది. 10 ఓవర్లు, 67 పరుగులు, వికెట్ లేదు. కార్డు మీద బౌల్ట్ గురించి ఉన్నది అంతే. ఆ 67లో అతని బౌలింగ్‌కు సంబంధించినవి ఎన్నో, సంబంధం లేనివి ఎన్నో కార్డు చెప్పదు.

మిగతావి కూడా గబగబా చూద్దాం, మీకు తెలిసినవే. లెగ్‌సైడ్ వైడ్, కీపర్ చేతికి అందేదే, గ్లవ్ కింద నుంచి వెళ్లి బౌండరీ చేరింది. ఐదు వైడ్లు, అన్నీ బౌలర్‌కే. 1980ల మధ్యకు ముందు వైడ్లు, నోబాల్‌లు బౌలర్ లెక్కలో పడేవే కావు, ఆ తర్వాత పడుతున్నాయి. అంటే ఏ తప్పు ఎవరిదన్నది ప్రకృతి నియమం కాదు, మనం కూర్చుని పెట్టుకున్న పద్ధతి. మార్చుకోవచ్చు. బైలు, అంటే బ్యాట్‌కు, ఒంటికి తగలకుండా కీపర్‌ను దాటిపోయిన బంతికి వచ్చే పరుగులు? కీపర్ పేరున రాయం గానీ అందరూ కీపర్‌నే చూస్తారు. ఐదో రోజు పిచ్ మీద స్పిన్నర్ బంతి పడి జారుడుగా కాళ్ల కిందికి వెళ్తే కీపర్ ఏం చేస్తాడు? మన కీపర్ కేఎస్ భరత్ 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ టెస్టులో ఇక్కడే కీపింగ్ చేశాడు. స్పిన్‌కు వికెట్ల దగ్గర నిలబడి రోజంతా కూర్చుని లేవడం ఎంత కష్టమో కీపింగ్ చేసినవాళ్లకు తెలుసు. బైల సంఖ్య చూసి కీపర్‌ను తూచకండి. రనౌట్ సంగతి మరీ అన్యాయం. "రా" అని పిలిచి మధ్యలో "వద్దు" అన్నవాడు క్రీజులో ఉంటాడు. నమ్మి పరిగెత్తినవాడి పేరు పక్కన రనౌట్ పడుతుంది.

సరే, అయితే ఏం చేద్దాం? వెంటనే తట్టే ఆలోచన ఒకటుంది. స్కోర్‌బుక్‌లో 'వదిలేసిన క్యాచ్‌లు' అని ఒక గడి పెడదాం, ఎవరు వదిలేస్తే వాళ్ల పేరున గీత గీద్దాం. బాగుంది కదా? బాగా లేదు. ఎందుకో చెబుతాను. ఈ పని చేసిన ఆట ఒకటుంది, వందేళ్లకు పైగా చేస్తోంది. బేస్‌బాల్.

బేస్‌బాల్ స్కోర్‌బోర్డు మీద పరుగులు, హిట్‌ల పక్కనే తప్పుల సంఖ్య కూడా ఉంటుంది. లీగ్ నియమించిన అధికారిక స్కోరర్ ప్రెస్ బాక్సులో కూర్చుని ప్రతి బంతికీ తీర్పు చెబుతాడు. ఇది బ్యాటర్ గొప్పతనమా, ఫీల్డర్ తప్పా? కొలబద్ద ఏమిటంటే, ఆ స్థాయి లీగ్‌లో, ఆ స్థానంలో ఆడే సగటు ఫీల్డర్, ఆ రోజు మైదానాన్నీ వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకుని, మామూలు ప్రయత్నంతో చేయగలిగినదేనా అన్నది. చేయగలిగిందే అయితే తప్పు. ఫీల్డర్ తప్పు వల్ల వచ్చిన పరుగును పిచర్, అంటే బంతి విసిరేవాడి సగటులోంచి తీసేస్తారు. నీషమ్‌కు, బౌల్ట్‌కు జరిగింది అక్కడ జరగదు. ఇంతవరకూ చాలా మంచి పద్ధతి.

చిక్కు ఎక్కడంటే, బంతి దాకా వెళ్లలేకపోయిన ఫీల్డర్‌కు సాధారణంగా తప్పు పడదు. చురుకైనవాడు పది అడుగులు పరిగెత్తి బంతిని అందుకుని చేతిలోంచి జారవిడిస్తే తప్పు. బద్ధకస్తుడు మూడడుగులు వేసి ఆగిపోతే, బంతి పక్కనుంచి వెళ్లిపోతే, అది బ్యాటర్ హిట్. ఇద్దరు ఫీల్డర్లు "నీది, నీది" అనుకుని నిలబడిపోతే, బంతి మధ్యలో పడితే, అది కూడా ఎక్కువసార్లు హిట్ గానే రాస్తారు. ఆలోచనలో పొరపాటు, అంటే తప్పు బేస్‌కు త్రో చేయాలని నిర్ణయించుకోవడం లాంటివి, మామూలుగా తప్పుల్లోకి రావని నియమాల్లోనే ఉంది. కాబట్టి సీజన్ చివర్లో ఎవరి పేరున తక్కువ తప్పులుంటాయి? మంచి ఫీల్డర్ పేరున ఉండొచ్చు, కదలనివాడి పేరునా ఉండొచ్చు. అంకె చూసి ఇద్దరిలో ఎవరో చెప్పలేం. 1970లలో బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ లాంటివాళ్లు పట్టుకున్నది ఇక్కడే. తప్పులు కాదు, ఫీల్డర్ మొత్తం ఎన్ని బంతులను ఔట్‌గా మార్చాడో లెక్కపెడదాం అన్నారు.

నెగటివ్ మార్కులున్న పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చినవాడికి సున్నా వస్తుంది, మైనస్ రాదు. తప్పులు మాత్రమే లెక్కపెట్టే పుస్తకం ఆ తెల్లకాగితానికి మొదటి ర్యాంకు ఇస్తుంది.

వాలీబాల్ పీఈటీలు ఉన్నారు కదా, మీ ఆటలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సర్వీస్ తప్పు లెక్కపెట్టడం ఎంత సులువు! నెట్‌కు తగిలి ఆగిందా, బయట పడిందా, అంతే. వాదనే లేదు. కానీ సర్వీస్ తప్పులు సున్నా ఉన్న కుర్రాడిని చూడండి. బంతిని మెల్లగా అవతలికి దాటిస్తుంటాడు. అవతలివాళ్లు హాయిగా పాస్ ఇస్తారు, సెట్టర్ నిలబడ్డచోటే అందుకుంటాడు, ముగ్గురు స్మాషర్లూ సిద్ధం. పాయింట్ పోయింది. ఎవరి ఖాతాలో? బ్లాక్ తప్పిన మిడిల్ బ్లాకర్ ఖాతాలో. జంప్ సర్వీస్ చేసే కుర్రాడు సెట్‌కు రెండు బయటకు కొడతాడు, మిగతా నాలుగిటితో అవతలి పాస్‌ను చెడగొడతాడు. లెక్కల్లో అతనిదే తప్పు! ఈ సంగతి తెలిసే వాలీబాల్ విశ్లేషకులు సర్వీస్‌ను, పాస్‌ను ఒప్పు-తప్పు అని రెండుగా కాకుండా ఆరు మెట్లుగా గుర్తిస్తారు. పూర్తి తప్పు దగ్గర మొదలుపెట్టి అన్ని దాడులకూ వీలిచ్చే పాస్ దాకా. అలాగే స్మాష్ నెట్‌లో పడితే స్మాషర్‌ది తప్పని రాస్తాం. సెట్ నెట్‌కు మరీ దగ్గరగా ఇచ్చిన సెట్టర్ సంగతి? సెట్టర్‌ను పరిగెత్తించిన పాస్ సంగతి? మూడు చేతులు మారిన తప్పును ఆఖరి చేతికి కడుతున్నాం.

ఇక మన కబడ్డీ. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే జట్టు ఆటలో తప్పు ఎంత కలగలిసిపోతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఆట లేదు. 2014లో మొదటి ప్రో కబడ్డీ సీజన్‌లో తెలుగు టైటాన్స్ ఆడింది మన పోర్టు రాజీవ్‌గాంధీ ఇండోర్ స్టేడియంలోనే కదా. ఆ మ్యాట్ మీద ఒక కూతను ఊహించుకోండి. ఏడుగురు డిఫెండర్లు ఉన్నారు. రైడర్ 30 సెకన్లలో ఇరవై గడిపేశాడు, బాక్ లైన్ దాటాడు, ఇంకేమీ చేయడు, వెనక్కి పోతాడు. అది ఖాళీ కూత. అలా పోనిస్తే నష్టం లేదు. ఎడమ కార్నర్‌కు ఓపిక చాల్లేదు, రైడర్ ఇంకా ఎదురుగా ఉండగానే, బరువు ముందు కాలి మీదకు రాకముందే యాంకిల్ హోల్డ్‌కు, అంటే చీలమండ పట్టుకు దూకాడు. పట్టు జారింది. వాడు దూకగానే పక్కనున్నవాడు సాయానికి వచ్చాడు, రావాలి కూడా, అది నేర్పిన పాఠమే. కవర్ నుంచి ఇంకొకడు నడుం మీదకు వచ్చాడు. రైడర్ ముగ్గురినీ ఈడ్చుకుని మిడ్‌లైన్ మీద చెయ్యి పెట్టాడు. మూడు పాయింట్లు. ముగ్గురూ బయటకు.

ఇప్పుడు రాయండి. ఎవరిది తప్పు? ముగ్గురూ ఔటయ్యారు కాబట్టి ముగ్గురిదీ అని రాస్తే, సాయానికి వచ్చిన ఇద్దరికీ పక్కవాడు దూకినా నువ్వు కదలకు అని నేర్పినట్టే. తర్వాతి మ్యాచ్‌లో కదలరు, కార్నర్ ఒక్కడే పట్టుకుంటాడు, పట్టు జారుతుంది. కార్నర్‌దే అని రాద్దామా? అయితే కవర్ ఆలస్యంగా కదిలాడేమో, అర సెకను ముందు వచ్చుంటే పట్టు బిగిసేదేమో, అది ఎక్కడ రాస్తాం? ట్యాకిల్ కుదిరినప్పుడు చూస్తే, పాయింట్ సాధారణంగా ఒకరి పేరునే పడుతుంది, సాయం చేసినవాళ్లు లెక్కలో కనిపించరు. ఒప్పు ఒకరికి, తప్పు ముగ్గురికి! ఇలాంటి పుస్తకం చూసి కవర్ డిఫెండర్‌ను ఎంపిక చేస్తే ఎలా?

రైడర్ల సంగతీ అంతే. వరుసగా రెండు ఖాళీ కూతలయ్యాక మూడోది డూ-ఆర్-డై. పాయింట్ తేవాలి, లేదా ఔట్. దానికి ఎవరిని పంపుతారు? చాలా జట్లు ముఖ్య రైడర్‌ను దాచుకుని ఇంకొకడిని పంపుతాయి. ఆ కుర్రాడి విఫల కూతల శాతం ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. వాడు చేతకానివాడు కాదు. జట్టులో కష్టమైన పని వాడిది.

తప్పు ఎంత ఖరీదు అన్నది ఇంకో చిక్కు. 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, ఓవల్. ఫఖర్ జమాన్ 3 మీద ఉండగా బుమ్రా బంతికి ఎడ్జ్ ఇచ్చాడు, ధోనీ పట్టాడు. నోబాల్. ఫఖర్ 114 కొట్టాడు. స్కోర్‌బుక్ లెక్కలో ఆ నోబాల్ ఖరీదు ఒక్క పరుగు. జనం లెక్కలో 111 పరుగులు, ఒక కప్పు. రెండూ తప్పే. 2022 ఆసియా కప్‌లో అర్ష్‌దీప్ సింగ్ ఆసిఫ్ అలీ క్యాచ్ వదిలేశాడు, ఆసిఫ్ అప్పటికి సున్నా మీద ఉన్నాడు, మొత్తం 8 బంతుల్లో 16 కొట్టాడు. ఆ కుర్రాడిని ఎన్ని మాటలన్నారో అందరం చూశాం, మనసు చివుక్కుమంది. అదే మ్యాచ్‌లో ఆఖరి ఓవర్ ఏడు పరుగులు కాపాడమని బంతి ఇచ్చింది అతనికే, ఆసిఫ్‌ను ఎల్బీగా ఔట్ చేసిందీ అతనే.

తర్వాత జరిగినదాన్ని తప్పు ఖరీదుగా కట్టకూడదు. ఎందుకు? క్యాచ్ వదిలేసిన క్షణానికి ఫీల్డర్ చేతిలో ఉన్నది ఆ బంతి ఒక్కటే. తర్వాత గూచ్ కొట్టిన 297 పరుగులు మోరే చేతిలో లేవు. ఆ 297లో బౌలర్ల వాటా ఉంది, పిచ్ వాటా ఉంది, బ్యాటింగ్‌కు దింపిన నిర్ణయానికి వాటా ఉంది, గూచ్ ఆటకు అన్నిటికంటే పెద్ద వాటా ఉంది. ఇదే క్యాచ్ పోయి గూచ్ తర్వాతి బంతికే బౌల్డ్ అయ్యుంటే? ఎవరికీ గుర్తుండేది కాదు. కానీ మోరే చేసిన పని మారిందా? లేదు కదా. ఒకే పనికి ఒకసారి సున్నా, ఒకసారి 297 వేస్తే అది కొలత కాదు, అదృష్టం లెక్క. కాబట్టి ఖరీదు కట్టాల్సి వస్తే, ఆ సమయానికి ఆ బ్యాటర్ ఇంకా సగటున ఎన్ని పరుగులు చేస్తాడో అంతే కట్టండి. మీ లీగ్‌లో ఓపెనర్ సగటు 28 అయితే 28, పదో నంబర్ సగటు 6 అయితే 6. ఇది కూడా మ్యాచ్ మీద ప్రభావం లెక్కే, ఫీల్డర్ చేతుల లెక్క కాదు. రెండూ వేరువేరు గడుల్లో ఉండాలి. ఓపెనర్‌దైనా పదో నంబర్‌దైనా ఒకే రకం క్యాచ్ వదిలేస్తే ఫీల్డింగ్ గడిలో ఒకే మార్కు.

ఎలా రాయాలి

ఇప్పుడు చేతికి పని. సూత్రం ఒక్కటే, తప్పులను కాదు, అవకాశాలను లెక్కపెట్టండి. ప్రతి అవకాశాన్నీ రాయండి, పట్టినవీ, వదిలేసినవీ, వెళ్లకుండా పోయినవీ. వదిలేసినవి ఎన్ని అనేది చివర్లో అదే తేలుతుంది.

కావాల్సినవి ఒక ట్రైపాడ్, ఒక ఫోన్, ఇద్దరు మనుషులు, ముందే గడులు గీసిన కాగితాలు. ఫోన్‌ను సైట్‌స్క్రీన్ పక్కన వీలైనంత ఎత్తులో, మొత్తం మైదానం కనిపించేలా పెట్టండి. బంతిని మాత్రమే వెంబడించే వీడియో ఇందుకు పనికిరాదు, ఫీల్డర్ మొదట ఎక్కడ నిలబడ్డాడో అందులో కనబడదు. కాగితం మీద గడులు ఇవి: ఓవర్, బంతి, ఫీల్డర్, నిలబడ్డ స్థానం, పని ఏమిటి అంటే క్యాచా, ఆపడమా, త్రోనా, ఆ తర్వాత కష్టం మెట్టు, ఫలితం, పరిస్థితి.

కష్టం మెట్టు మూడు చాలు. మొదటి మెట్టు: రెండడుగుల్లోపు, మోకాలికీ తలకూ మధ్య, రెండు చేతులతో, చూసుకోవడానికి కనీసం ఒక సెకను ఉన్నది. రెండో మెట్టు: పది మీటర్ల దాకా పరుగు, లేదా ఒంటిచేత్తో, లేదా పాదాల దగ్గర. మూడో మెట్టు: డైవ్, వెనక్కి పరుగు, బ్యాట్ అంచు తగిలి అర సెకనుకు అటూఇటూగా చేరే స్లిప్ క్యాచ్. ఆకాశంలోకి లేచిన బంతిని సులువనుకుని మొదటి మెట్టులో వేసేయకండి. 30 మీటర్లు లేచే బంతి, గాలిని పక్కన పెడితే, బ్యాట్‌ను వదిలి పైకి వెళ్లి మళ్లీ కిందకు రావడానికి దాదాపు 5 సెకన్లు పడుతుంది. ఆ ఐదు సెకన్లలో మన సముద్రపు గాలి దాన్ని ఎటు తీసుకుపోతుందో ఇక్కడ ఆడేవాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పూట గాలి మళ్లాక ఫీల్డర్ మొదట నిలబడిన చోటుకూ బంతి పడిన చోటుకూ తేడా చూడండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతాను. కష్టం మెట్టును ఫలితం చూడకముందే రాయాలి. ఫలితం చూడకముందే! క్యాచ్ పట్టాక చూస్తే ఏ క్యాచైనా సులువుగానే కనిపిస్తుంది, వదిలేశాక చూస్తే మనకు ఇష్టమైన కుర్రాడి క్యాచ్ కష్టంగా, గిట్టనివాడి క్యాచ్ సులువుగా కనిపిస్తుంది. మనుషులం, తప్పదు. అందుకే బంతి చేతుల దగ్గరకు రాకముందే వీడియో ఆపండి, మెట్టు రాయండి, అప్పుడు వదలండి.

'వెళ్లలేదు' అనేది తప్పకుండా ఉండాల్సిన ఫలితం. ఫీల్డర్ కదిలితే అందేదనిపించిన బంతి, అతను కదల్లేదు. మొదట్లో ఇది రాయడానికి మొహమాటంగా ఉంటుంది, కానీ ఇది లేకపోతే మళ్లీ తెల్లకాగితానికి మొదటి ర్యాంకే. ఇద్దరి మధ్య పడ్డ క్యాచ్‌ను సగం సగం పంచకండి. 'ఉమ్మడి' అని ఇద్దరి పేర్లూ రాసి విడిగా ఉంచండి. ఐదారు ఉమ్మడులు ఒకే జంట మధ్య కనిపిస్తే, అది చేతుల సమస్య కాదు, పిలుపుల సమస్య. ప్రాక్టీసులో వాళ్లిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి పిలుపులు చేయించాలి. పరిస్థితి గడిలో ఎండ, వాన, మంచు రాయండి. చలికాలం ఫ్లడ్‌లైట్ల కింద మన ఊళ్లో రెండో ఇన్నింగ్స్‌కు బంతి సబ్బులా జారుతుంది. మొదట ఫీల్డింగ్ చేసిన జట్టుకూ తర్వాత చేసిన జట్టుకూ ఒకే కొలత వేస్తే మంచుకు బదులు కుర్రాళ్లను తిట్టినట్టే.

దీన్ని ఎలా లెక్కకట్టాలో ఒక ఉదాహరణ. అంకెలు అర్థం కావడానికి వేసినవే. మీ లీగ్ మొత్తంలో మొదటి మెట్టు క్యాచ్‌లు 90 శాతం, రెండో మెట్టువి 60, మూడో మెట్టువి 20 శాతం పడుతున్నారనుకుందాం. మిడాన్ స్థానంలో ఒక సీనియర్ ఉన్నాడు, అతనికి పది అవకాశాలొచ్చాయి, అన్నీ మొదటి మెట్టువి, తొమ్మిది పట్టాడు. వదిలేసింది ఒక్కటి. పాయింట్ స్థానంలో ఒక కుర్రాడు, అతనికి మొదటి మెట్టువి నాలుగు, రెండో మెట్టువి ఆరు, మూడో మెట్టువి పది. నాలుగుకు నాలుగు, ఆరుకు నాలుగు, పదికి మూడు. మొత్తం 11 పట్టాడు, 9 వదిలేశాడు. తప్పుల పుస్తకం ఏమంటుంది? ఒకటికి తొమ్మిది, కుర్రాడిని తీసేయండి అంటుంది. అవకాశాల పుస్తకం? సీనియర్ స్థానంలో సగటు ఫీల్డర్ ఉంటే 9 పట్టేవాడు, అతనూ 9 పట్టాడు, తేడా సున్నా. కుర్రాడి స్థానంలో సగటు ఫీల్డర్ 3.6, 3.6, 2, కలిపి 9.2 పట్టేవాడు. ఇతను 11. దాదాపు రెండు క్యాచ్‌లు ఎక్కువ. తొమ్మిది వదిలేసినవాడే మెరుగు.

అయితే ఈ లెక్క చేతికి రాగానే కుర్రాళ్లకు ర్యాంకులు వేయకండి. ఒక ఫీల్డర్ నిజ సామర్థ్యం 70 శాతం అనుకోండి. 20 అవకాశాలిస్తే సగటున 14 పడతాడు, కానీ అదృష్టం వల్లే ఆ అంకె 10 నుంచి 18 దాకా ఊగుతుంది. అంటే 11 పట్టినవాడూ, 17 పట్టినవాడూ ఒకే స్థాయివాళ్లు కావచ్చు. 100 అవకాశాలున్నా 61 నుంచి 79 మధ్య ఊగుతుంది. క్లబ్ ఆటగాడికి సీజన్‌లో వంద క్యాచ్ అవకాశాలు ఎక్కడొస్తాయి? రావు. కాబట్టి ఒక్కో మనిషి కంటే ముందు స్థానాన్ని చూడండి. స్లిప్ మొత్తం కలిపి, డీప్ మొత్తం కలిపి. మనిషినే చూడాలనుకుంటే అతని లెక్కకు జట్టు సగటు స్థాయిలో 20 అవకాశాలు కలపండి. జట్టు సగటు 70 శాతం, కుర్రాడు 6లో 3 పట్టాడు. 50 శాతం అనకండి. 3కు 14 కలిపితే 17, 6కు 20 కలిపితే 26. దాదాపు 65 శాతం. అవకాశాలు పెరిగేకొద్దీ కలిపినదాని బరువు దానంతటదే తగ్గుతుంది.

ఇద్దరు మనుషులు ఎందుకన్నానంటే, ఇద్దరూ విడివిడిగా రాసి తర్వాత సరిచూసుకోవాలి. వంద బంతులు చూశారు, ఒకరు 10 తప్పులు గుర్తించారు, ఇంకొకరూ 10, ఇద్దరూ ఒప్పుకున్నవి 6. ఇద్దరూ తప్పు కాదన్నవి 86. అంటే 92 బంతుల్లో ఏకాభిప్రాయం. బాగుందనిపిస్తుంది. కానీ తప్పులు అరుదు కాబట్టి కళ్లు మూసుకుని రాసినా 82 బంతుల్లో కలుస్తారు. ఆ 82 తీసేసి, మిగిలిన 18లో 10 మాత్రమే నిజంగా కలిశారని చూడాలి, అంటే 0.56. దీన్ని కోహెన్ కప్పా అంటారు, 1960 నుంచి వాడుకలో ఉంది. 0.56 వస్తే మెట్ల నిర్వచనాలు ఇంకా స్పష్టంగా లేవని అర్థం. కూర్చుని, విడిపోయిన ఆ 8 బంతులు మళ్లీ చూసి, మాట్లాడుకుని, నిర్వచనం తిరగరాయండి. 0.8 దాటే దాకా ఆ అంకెలతో ఎవరి ఎంపికా చేయకండి.

పెద్ద లీగ్‌లు కెమెరాలతో ఇదే పని చేస్తున్నాయి. బేస్‌బాల్‌లో 2015 నుంచి అన్ని పెద్ద లీగ్ స్టేడియంలలో ఫీల్డర్ల కదలికలను కొలుస్తున్నారు. దూరంగా నిలబడే ఔట్‌ఫీల్డర్ ఎంత దూరం, ఎంత సమయంలో వెళ్లాలో చూసి, అతని క్యాచ్‌లకు సంభావ్యత, అంటే పట్టే అవకాశం ఎంత శాతమో 2017 నుంచి కడుతున్నారు. పట్టే అవకాశం 25 శాతం లోపే ఉన్న బంతిని పడితే ఐదు చుక్కలు. చుక్కలైనా, మన మూడు మెట్లైనా ఆలోచన ఒక్కటే. అక్కడ కూడా కెమెరాకు అందనిది ఒకటుంది. ఫీల్డర్‌ను రెండు గజాలు తప్పుచోట నిలబెడితే, ఆ కష్టం బంతిదిగానే లెక్కకొస్తుంది. నిలబెట్టినవాడి పేరు ఎక్కడా రాదు. అందుకే మన కాగితంలో నిలబడ్డ స్థానం గడి ఉంచమన్నాను.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం పేర్లు వేయకండి, నంబర్లు వేయండి, కాగితం కోచ్ ఫైల్లో ఉండాలి, నోటీసు బోర్డు మీద కాదు. ఆ వయసులో 'వెళ్లలేదు' గడి ఒక్కటి చూడండి చాలు. వెళ్లి వదిలేసిన పిల్లాడికి చేతులు నేర్పగలం. వెళ్లడం మానేసిన పిల్లాడు ఎవరి తిట్లకో భయపడుతున్నాడు, ఆ తిట్టేది ఎవరో ముందు కనుక్కోండి.

ఇప్పుడు మీ కుర్చీల మీద పెట్టిన కాగితాలు తీయండి. తెర మీద ఒక క్లబ్ మ్యాచ్ నుంచి నాలుగు ఓవర్లు వేస్తున్నాం. ప్రతి బంతికీ బంతి చేతికి చేరకముందే వీడియో ఆగుతుంది, అప్పుడు మెట్టు రాయండి, మళ్లీ నడుస్తుంది, అప్పుడు ఫలితం. పక్కవాళ్ల కాగితం చూడకండి. నాలుగు ఓవర్లయ్యాక ఇద్దరిద్దరు కూర్చుని కప్పా కట్టండి, విడిపోయిన బంతుల నంబర్లు బోర్డు మీద రాయండి. వాటినే మళ్లీ వేసి మాట్లాడుకుందాం.